‘ఇట్’ అంటే ఏది?

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. రాత్రి ఎనిమిదిన్నర. క్యాబ్ కింద ఆగి ఉంది, డ్రైవరన్న అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. నైట్ షిఫ్ట్ వాళ్లకి హ్యాండోవర్ మెయిల్ ఒకటి కొట్టేసి పరిగెత్తాలి. ఫటాఫట్ టైప్ చేశా.

‘ఐ హావ్ మూవ్డ్ ద రిపోర్ట్స్ ఫ్రమ్ ద ఓల్డ్ ఫోల్డర్ టు ద న్యూ ఫోల్డర్. ప్లీజ్ చెక్ అండ్ డిలీట్ ఇట్.’

స్పెల్లింగ్ కరెక్ట్. ఎర్ర గీత ఒక్కటీ లేదు. సెండ్.

పొద్దున వచ్చేసరికి కొత్త ఫోల్డర్ లేదు. నైట్ షిఫ్ట్‌లో ఉన్నది చేరి రెండు నెలలు కూడా కాని కుర్రాడు. మెయిల్ చదివాడు. కొత్త ఫోల్డర్ చెక్ చేశాడు. దాన్నే డిలీట్ చేశాడు. పాతది ఎలాగూ ఖాళీ. బ్యాకప్ ఉంది కానీ, అది ముందు రోజు రాత్రిది. అంటే నలుగురం కూర్చుని చేసిన ఒక రోజు పని గాల్లో కలిసిపోయింది.

కాల్‌లో మేనేజర్ అడిగాడు, “ఎవరు డిలీట్ చేశారు?” అని. “నేనే సర్, సారీ” అన్నాడు ఆ కుర్రాడు. గొంతు వణుకుతోంది. నేను మ్యూట్‌లో ఉన్నా. నిజం చెప్పాలంటే, ఓ రెండు నిమిషాలు మ్యూట్‌లోనే ఉండిపోయా. నా మెయిల్ తెరిచి మళ్లీ చదివా. ఫోల్డర్లు రెండు, ‘ఇట్’ ఒక్కటి. ‘చెక్’ అన్నప్పుడు నా మనసులో ఉన్నది కొత్త ఫోల్డర్, ‘డిలీట్’ అన్నప్పుడు ఉన్నది పాతది. ఆ సంగతి నాకు తెలుసు. వాడికెలా తెలుస్తుంది? వాడు దగ్గర్లో ఉన్న ఫోల్డర్‌కి ‘ఇట్’ని తగిలించుకున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ని.

అన్‌మ్యూట్ చేసి, “సర్, ఆ మెయిల్ నాది. తప్పు కూడా నాదే” అన్నా. మేనేజర్ మెయిల్ స్క్రీన్ మీద పెట్టి, అరవకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. “బాబూ, ‘ఇట్’ అంటే ఏది?”

పోయిన వారం టెన్స్‌ల గురించి మాట్లాడుకున్నాం కదా. ఈ వారం ఆ ప్రశ్న గురించే.

ఇంజినీరింగ్‌లో సీ లాంగ్వేజ్ చదివినవాళ్లకి పాయింటర్ గుర్తుండే ఉంటుంది. అది దాచుకునేది ఇంకోదాని అడ్రస్, దాన్నే వేలెత్తి చూపిస్తుంది. తప్పు చోటు చూపించిందా, ప్రోగ్రామ్ గోవిందా. ప్రొనౌన్ కూడా అచ్చం అంతే. హీ, షీ, ఇట్, దే... అన్నీ వేళ్లే. ఆ వేలు ఏ నామవాచకం వైపు ఉందో చదివేవాడికి తెలియాలి. తెలియకపోతే కంప్యూటర్‌లా ఎర్రర్ చూపించడు, ఊహించుకుంటాడు. ప్రమాదమంతా అక్కడే.

ఇది కంప్యూటర్లకి కూడా తలనొప్పే. ఒక వాక్యంలో ‘దే’ అంటే ఎవరో తేల్చడానికి గ్రామర్ ఒక్కటే చాలదని, లోకజ్ఞానం కూడా కావాలని 1972లోనే టెర్రీ వినోగ్రాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఉదాహరణతో చూపించాడు. తర్వాత అలాంటి వాక్యాలతోనే యంత్రాల తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసి, దానికి ఆయన పేరే పెట్టారు.

మరి మనం ఎక్కడ తడబడతాం? నేను గమనించినంతలో, మన తెలుగు అలవాట్లు ఇంగ్లీషులోకి దూరిన చోట.

‘తన’ ఉన్న భాష మనది

‘రమేష్ సురేష్‌తో తన బండి పోయిందని చెప్పాడు.’ బండి ఎవరిది? రమేష్‌ది. డౌటే లేదు, ‘తన’ ఆ పని చేసిపెడుతుంది. ఇదే ఇంగ్లీషులో ‘రమేష్ టోల్డ్ సురేష్ దట్ హిజ్ బైక్ వాజ్ స్టోలెన్’ అంటే బండి ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. ఇంగ్లీషులో ‘తన’ లేదు. అందుకే ఒకే రకం మనుషులో వస్తువులో రెండుంటే ప్రొనౌన్‌ని నమ్ముకోకండి. పేరు మళ్లీ రాయండి, లేదా అతని మాటని అతని నోటితోనే చెప్పించండి: ‘రమేష్ టోల్డ్ సురేష్, మై బైక్ వాజ్ స్టోలెన్.’

పాలు పొంగాయి, కత్తెర పోయింది

మనకి పాలు, నీళ్లు, బియ్యం బహువచనం. పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి, బియ్యం అయిపోయాయి. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, రైస్ మూడూ ఏకవచనమే. కాబట్టి ‘ద మిల్క్ ఈజ్ ఇన్ ద ఫ్రిజ్, ప్లీజ్ హీట్ ఇట్’ అనాలి, ‘హీట్ దెమ్’ కాదు. ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్ కూడా ఇదే బ్యాచ్. సూట్‌కేసులు పది ఉన్నా లగేజ్ మాత్రం ‘ఇట్’.

కత్తెర దగ్గర సీన్ రివర్స్. మనకి కత్తెర ఒకటి, ప్యాంటు ఒకటి. వాళ్లకి సిజర్స్, ట్రౌజర్స్ ఎప్పుడూ బహువచనం. ‘వేర్ ఆర్ ద సిజర్స్? ఐ నీడ్ దెమ్.’

నాన్నగారు ఎంతమంది?

‘మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు, వారు రేపు వెళ్తారు.’ మనకి ఇది మర్యాద. దీన్ని అలాగే దించేసి ‘మై ఫాదర్ కేమ్, దే విల్ గో టుమారో’ అంటే అవతలివాడు నాన్నగారి వెంట ఇంకెవరొచ్చారా అని వెతుకుతాడు. ఇంటర్వ్యూలో ‘మై ప్రొఫెసర్ గైడెడ్ మీ, దే ఆర్ వెరీ నైస్’ అన్న ఫ్రెండ్స్ నాకున్నారు. ఇంగ్లీషులో ‘హీ’ అంటే అగౌరవం కాదు. ప్రొఫెసర్‌ని ‘హీ’ అనో ‘షీ’ అనో అనడానికి మొహమాటపడకండి.

ఎవరో వచ్చారు

‘ఎవ్రీవన్’ ఏకవచనం. క్రియ కూడా ‘ఎవ్రీవన్ హాజ్’ అనే వస్తుంది. మరి తర్వాత ‘హిజ్’ రాయాలా, ‘దెయిర్’ రాయాలా? పాత గ్రామర్ పుస్తకాలు ‘హిజ్’ అంటాయి. కానీ ఒక్కరి గురించి ‘దే’ వాడటం ఇంగ్లీషులో 14వ శతాబ్దం నుంచే ఉంది. 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ డిక్షనరీ ‘దే’ని ఆ ఏడాది మాటగా ఎంచుకుంది కూడా.

మనకిది కొత్తేం కాదు. తలుపు కొట్టింది ఒక్కరే అయినా ‘ఎవరో వచ్చారు’ అంటాం. ‘ప్రతి ఒక్కరూ తమ ఐడీ కార్డు తెచ్చుకోవాలి’ అంటాం. ఆ ‘తమ’ ఉన్న చోట ‘దెయిర్’ పెట్టేయండి, ఆఫీసు మెయిల్‌లో నిక్షేపంలా నడుస్తుంది. పోటీ పరీక్షకి చదువుతున్నవాళ్లు మాత్రం పాత ప్రశ్నపత్రాల కీ ఒకసారి చూసుకోండి, అక్కడ పాత రూలే అడుగుతుండొచ్చు.

టీమ్, కమిటీ లాంటి మాటలకి అమెరికా వాళ్లు ఎక్కువగా ‘ఇట్’ వాడతారు, బ్రిటన్‌లో ‘దే’ కూడా మామూలే. ఏదైనా పర్వాలేదు. ‘ద టీమ్ హాజ్’ అని మొదలుపెట్టి ‘దెయిర్ రిపోర్ట్’ అని ముగించకుండా, ఒకే వాక్యంలో ఒకే లెక్క పాటించండి చాలు.

ఇవన్నీ గుర్తుండవు అంటారా? అయితే నేను చేసే పని ఒక్కటి చేయండి. సెండ్ నొక్కే ముందు మెయిల్‌లో ఇట్, దిస్, హీ, దే ఎక్కడెక్కడున్నాయో చూడండి. ఒక్కోదాని దగ్గర ఆగి ‘అంటే ఏది?’ అని అడగండి. ఒక్క జవాబే వస్తే వదిలేయండి. రెండు వస్తే ప్రొనౌన్ కొట్టేసి పేరు రాయండి. నా మెయిల్‌కి కావల్సింది ఇంతే: ‘ప్లీజ్ చెక్ ద న్యూ ఫోల్డర్. దెన్ డిలీట్ ద ఓల్డ్ ఫోల్డర్.’ ‘ఫోల్డర్’ రెండుసార్లు వచ్చింది, వినడానికి బాలేదు అనిపించొచ్చు. అనిపించనివ్వండి. నాలుగు మాటలు ఎక్కువైతే నష్టం లేదు. నా క్యాబ్ తొందరకి ఇంకో మనిషి సారీ చెప్పాల్సి వచ్చింది, అది మాత్రం నష్టమే.

ఆ రోజు సాయంత్రం క్యాంటీన్‌లో ఆ కుర్రాడి దగ్గరికెళ్లి సారీ చెప్పా. “పర్లేదన్నా, నేనూ ఒక మాట అడగాల్సింది” అన్నాడు. ఇప్పుడు వాడు వేరే టీమ్‌లో లీడ్. నేను ఎప్పుడైనా తొందరలో ‘ఐ విల్ సెండ్ ఇట్’ అని మెసేజ్ పెడితే, రెండు సెకన్లలో రిప్లై వస్తుంది.

“అన్నా, ‘ఇట్’ అంటే ఏది?”