వెర్షన్ మారితే తనిఖీ మళ్లీ మొదటి నుంచీ

ఏఐ అసిస్టెంటు చేత ఈమెయిళ్లు పంపించే చిన్న టూల్ అది. పేరు పోస్ట్‌మార్క్-ఎంసీపీ. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎంలో ఉచితంగా దొరికేది. మొదటి పదిహేను వెర్షన్లూ చెప్పిన పని చెప్పినట్టే చేశాయి. వాడినవాళ్లకు నమ్మకం కుదిరింది. 1.0.16లో ఒకే ఒక్క లైను కొత్తగా చేరింది. అక్కడి నుంచి పంపిన ప్రతి మెయిలుకూ ఒక కాపీ, బీసీసీలో, గుట్టుగా టూల్ తయారుచేసినవాడికి చేరసాగింది. పాస్‌వర్డు మార్చుకునే లింకులైనా, ఇన్‌వాయిస్‌లైనా, ఏది వెళితే అది. 2025 సెప్టెంబరులో కోయ్ సెక్యూరిటీ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. పోస్ట్‌మార్క్ అనే అసలు కంపెనీకి ఇందులో ప్రమేయం లేదు. వాడుకున్నది దాని పేరును మాత్రమే.

భాషా మోడళ్లను మన ఫైళ్లకూ, డేటాబేసులకూ, మెయిళ్లకూ కలిపేందుకు 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన పద్ధతే ఆ టూల్ పేరులోని ఎంసీపీ. ఏడాది తిరక్కుండానే దాన్ని అందరూ అందిపుచ్చుకున్నారు. తనిఖీ మాత్రం పాత పద్ధతిలోనే సాగుతోంది: చేర్చుకునే రోజు కోడ్ ఒకసారి చూసి 'ఓకే' అనేయడం. పోస్ట్‌మార్క్-ఎంసీపీ మొదటి వెర్షన్‌ను ఎంత నిశితంగా పరీక్షించినా అందులో తప్పు దొరికేది కాదు.

కోడ్ ఒక్కటే చదివినా చాలదు. 2025 ఏప్రిల్‌లో ఇన్వేరియంట్ ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ వాళ్లు రెండు సంఖ్యలు కూడే టూల్ ఒకటి తయారుచేసి చూపించారు. కూడిక సరిగ్గానే చేస్తుంది. కానీ మోడల్ చదువుకోవడానికి రాసే వివరణలో, వాడేవాళ్ల కంటపడని చోట, మరికొన్ని ఆదేశాలున్నాయి: కంప్యూటరులోని ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీని చదువు, దాన్ని ఈ టూల్‌కు పంపు, సంగతి యజమానికి చెప్పకు. మోడల్ అలాగే చేసింది. మామూలు ప్రోగ్రాముకు వివరణ అంటే పక్కన రాసుకున్న నోటు మాత్రమే. మోడల్‌కు ఆ మాటలే ఆజ్ఞ. కాబట్టి ఆడిటర్ వివరణను కూడా అక్షరం అక్షరం చదవాలి. ఆమోదించిన వివరణకు హ్యాష్ తీసి దాచుకోవాలి. తర్వాత ఒక్క అక్షరం మారినా టూల్ ఆగిపోవాలి.

టూళ్లను విడివిడిగా చూసి వదిలేయడం ఇంకో లోపం. రహస్య సమాచారం చదవగలగడం, ఎవరు రాశారో తెలియని మాటలు లోపలికి రావడం, బయటికి పంపగలగడం, ఈ మూడూ ఒకే ఏజెంటు చేతిలో పడితే ప్రాణాంతకమని ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ 2025 జూన్‌లోనే హెచ్చరించాడు. ఒక్కో టూల్ విడిగా నిక్షేపంగానే ఉంటుంది, కలిపితేనే దారి తెరుచుకుంటుంది. నన్నడిగితే, ఆడిట్ నివేదికలో మొదటి పేజీ ఈ కలయికల గురించే ఉండాలి.

హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఏజెంట్లు కడుతున్న మన టీములకు నా విన్నపం: వెర్షన్‌ను కట్టడి చేయండి, అప్‌డేట్లు వాటంతటవే దిగకుండా ఆపండి. పోస్ట్‌మార్క్-ఎంసీపీని ఎన్‌పీఎం నుంచి తీసేశారు. అయినా ఇదివరకే దించుకున్న కంప్యూటర్లలోంచి అది దానంతటది పోదు. మీ దగ్గర 1.0.16 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే ఈరోజే తొలగించండి, ఆ మెయిళ్లలో వెళ్లిన ప్రతి పాస్‌వర్డూ, ప్రతి కీ మార్చండి.