మబ్బు వద్దన్న జమీందారు

జూన్ వచ్చిందంటే చాలు... అనంతపురం జిల్లాలో కళ్లన్నీ పైకే! వేరుశనగ విత్తనం ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. మబ్బు మాత్రం రాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. 'ఆకాశం నిర్మలంగా ఉంటుంది' అన్న వాతావరణ వార్త ఇక్కడెవరికీ శుభవార్త కాదు.

కానీ సరిగ్గా ఆ మాటే కోరుకున్న తెలుగువాడు ఒకరున్నారు. ఆయన గోడే వెంకట జగ్గారావు. విశాఖపట్నంలో పేరున్న జమీందారీ కుటుంబం. ఆ రోజుల్లో జమీందారు బిడ్డకు సరదాలకేం కొదవ? ఆయన మాత్రం మద్రాసు వెళ్లి, అక్కడి అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర నక్షత్రాల లెక్కలు నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1840లో సొంత డబ్బుతో డాబాగార్డెన్స్‌లో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. అందులో 4.8 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. నక్షత్రాలను చూసి లెక్కగట్టిన సమయాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండా ద్వారా ఊరికీ, ఓడలకీ తెలియజేసే ఏర్పాటూ చేశారు. ఆయన ముచ్చట ఊరికి గడియారమైందన్నమాట!

1856లో జగ్గారావు పోయారు. టెలిస్కోపు మూలపడాల్సిందే. కానీ అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఊరుకోలేదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదిలి మరీ అబ్జర్వేటరీని చేతుల్లోకి తీసుకున్నారు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు చిన్న నల్లచుక్కలా సాగిపోతుంటే, 6 అంగుళాల టెలిస్కోపుతో ఆ దృశ్యాన్ని నమోదు చేశారు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం తేల్చడానికి ప్రపంచమంతా ఎదురుచూసిన రోజది.

ఇందులో మనకేం సంబంధం అంటారా? ఉంది! ఆ తర్వాత రెండేళ్లకే, 1876లో, మన సీమను మహాకరువు కబళించింది. అప్పుడు మనం బళ్లారి జిల్లాలో భాగం. సూర్యుడి మీది మచ్చలకూ మద్రాసు కరువులకూ ముడి ఉందని 1877లో లాకియర్, హంటర్ అనే ఇద్దరు రాశారు. సూర్యుణ్ని రోజూ గమనిస్తే కరువును ముందే పసిగట్టవచ్చన్న ఆశ పుట్టింది. 1899లో కొడైకెనాల్ సౌర అబ్జర్వేటరీ వెలవడానికి ఆ ఆశా ఒక కారణం. చివరికి ఆ ముడి గట్టిగా నిలవలేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ప్రభావమే అంతకన్నా పెద్దదని తర్వాత తేలింది. అయితేనేం... కరువు గురించిన ప్రశ్నే సూర్యుడి మీద వందేళ్లకు పైబడిన ఫొటోల నిధిని మనకిచ్చింది.

నరసింగరావు 1892లో కన్నుమూశారు. ఆయన తర్వాత అంత ఇష్టంతో ఆ కుర్చీలో కూర్చున్నవారు లేరు. డాబాగార్డెన్స్ పేరు మిగిలింది, అబ్జర్వేటరీ మిగల్లేదు. టెలిస్కోపుకు అద్దం ఎంత ముఖ్యమో, దాని వెనకాల ఒక కన్నూ అంతే ముఖ్యం!

సముద్రపు తేమలో, మబ్బుల మధ్య జగ్గారావు వెతుక్కున్న తేట ఆకాశం మనకు ఏడాదిలో ఎన్ని రాత్రులో! వాన ఇవ్వని ఆకాశం మన పిల్లలకు చుక్కలైనా ఇవ్వాలి కదా. బడికొక చిన్న టెలిస్కోపు, దాన్ని తిప్పి చూపించే ఒక మాస్టారు... అడగడానికి ఇదేమంత పెద్ద కోరిక?