అద్దె గోడలు

హైదరాబాదున మరల ఐ.ఎస్‌.ఎల్‌. జట్టు లేవవలెనన్నచో, పేరుమోసిన వయసుమళ్లిన డిఫెండరు నొకనిని ఎంత వెలకైనను కొనవలెననుట మే మంగీకరింపజాలము. అనుభవము వలదా యందురేమో! వలయును. జువానన్‌ వంటి స్పెయిను అనుభవజ్ఞుని రప్పించి హైదరాబాదు ఎఫ్‌.సి. 2022లో కిరీటమును గెలిచినది. కాని 2023-24లో జీతములు బకాయిపడగా విదేశీయులు వెడలిపోయిరి. జట్టు అట్టడుగున బడినది. 2025లో జట్టే ఢిల్లీకి తరలినది. అద్దె గోడ జీతము నిలిచిననాడు నిలువదు.

1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమాఱులు రోవర్సు కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు అంగడి సరకు కాదు. రహీముగారు ఇచ్చటనే తీర్చిదిద్దినది. ఆ ధనముతో పాతబస్తీ బాలురకు మైదానమును, శిక్షకుని సమకూర్పుడు. నిలుచు గోడలు అచ్చటనే లేచును.