పండగ పూట పనిచేస్తే లెక్క ఉండాలి

దసరా వచ్చిందంటే విజయవాడకు నిద్ర ఉండదు. ఇంద్రకీలాద్రిపై భక్తుల రద్దీ, కింద బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ షాపుల్లో బేరాల సందడి. ఆ కౌంటర్ల వెనక నిలబడేవాళ్లలో గుడివాడ, అవనిగడ్డ వైపు పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు చాలామందే ఉంటారు.

డిగ్రీ అయ్యాక ఓ బట్టల షాపులో చేరిన మా పక్కింటి కుర్రాడు దసరా రోజులన్నీ ఆగకుండా పనిచేశాడు. దీపావళికి ‘సార్, ఒక్కరోజు ఊరెళ్లొస్తా’ అంటే ‘సీజన్‌లో సెలవేంట్రా?’ అన్నారట. అయినా వెళ్లొచ్చాడు. ఆ రోజు జీతం కోశారు. మరి దసరాలో పోయిన వీక్లీ ఆఫ్ సంగతేంటని అడిగావా అంటే, ‘అది కూడా లెక్కేనా అన్నా?’ అన్నాడు.

లెక్కే! రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం వారానికో సెలవు హక్కు. అనారోగ్యం, ఇతర అవసరాలకు ఏడాదికి 12 రోజులు, 240 రోజులు పనిచేసినవారికి మరో 15 రోజులు జీతంతో కూడిన సెలవు ఉంటాయి. జాతీయ, పండగ సెలవులకు 1974 నాటి చట్టం వేరే ఉంది. దాని ప్రకారం సెలవు రోజున పని చేయించుకుంటే రెట్టింపు వేతనమైనా ఇవ్వాలి, లేదా ఆ రోజు జీతంతోపాటు బదులుగా మరో రోజు సెలవైనా ఇవ్వాలి.

పండగకు షాపు మూయమనడం న్యాయం కాదు. ఏడాది వ్యాపారంలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. ఆసుపత్రులకు, హోటళ్లకు అసలే కుదరదు. కానీ ఎవరికి దసరా, ఎవరికి దీపావళి, ఎవరికి సంక్రాంతి అని నెల ముందే రాసి గోడకు అంటిస్తే గొడవే ఉండదు. చివరి నిమిషంలో ఫోన్ ఆపేసి మాయమయ్యేవాళ్లూ తగ్గుతారు. యజమానికీ అదే లాభం.

ఉద్యోగంలో చేరేవాళ్లు కూడా జీతం ఎంతని అడిగి ఊరుకోవద్దు. ప్రభుత్వం ప్రకటించే సెలవుల జాబితా ప్రైవేటు సంస్థకు యథాతథంగా వర్తించదు. అందుకే ‘ఇక్కడ పండగ సెలవులేవి? ఆ రోజు పనిచేస్తే ఏమిస్తారు?’ అని మొదటి రోజే మర్యాదగా అడగండి. జవాబు ఆఫర్ లెటర్‌లోనో, కనీసం వాట్సాప్‌లోనో తీసుకోండి. సెలవు రోజున చేసిన పనిని తేదీతో సహా డైరీలో రాసుకోండి.

సెలవు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. మనం చేసిన పనికి రావాల్సిన బాకీ. బాకీ అడగడానికి మొహమాటం ఎందుకు?