గొర్రెపిల్ల ఊపిరితిత్తుల్లోని నీళ్లు ఎటు పోయాయి?

పిల్లలూ! తల్లి కడుపులో బిడ్డ నీళ్లలోనే ఉంటుంది గదా, ఊపిరాడక మునిగిపోదా అని ఏడవ తరగతి చదివే ఒక అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. మునిగిపోదు. ఎందుకంటే కడుపులో ఉన్నంతకాలం ఆ బిడ్డకు ఊపిరితిత్తులతో పనే లేదు. ప్రాణవాయువు తల్లి రక్తం నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. అసలు చిక్కంతా పుట్టిన క్షణంలో వస్తుంది. అప్పటివరకూ ఊపిరితిత్తుల నిండా నీరే! తాడు తెగగానే గాలి పీల్చాలి. నిండు బిందెలో గాలికి చోటెక్కడిది?

మా నెల్లికుదురు చుట్టుపక్కల గొర్రె ఈనేటప్పుడు కాపరులు ఏం చేస్తారో మీలో కొందరు చూసే ఉంటారు. పిల్ల ముక్కూ మూతీ తుడుస్తారు. అది ఊపిరి తీయకపోతే వెనక కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఊపుతారు. కాస్త జిగట నీరు కారుతుంది. కాని నెలలు నిండిన గొర్రెపిల్ల ఊపిరితిత్తుల్లో ఇంచుమించు ఒక చిన్న టీ గ్లాసెడు ద్రవం ఉంటుంది. కారినది అందులో కొద్దిపాటే. మరి మిగతాది ఎటు పోయింది?

అది తెలియాలంటే ముందు ఆ నీరు ఎక్కడిదో తెలియాలి. అది బిడ్డ మింగిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తుల లోపలి గోడలోని కణాలే దాన్ని ఊరిస్తాయి. మనం తినే ఉప్పులో సోడియం, క్లోరైడు అని రెండు భాగాలున్నాయి. ఈ కణాలు క్లోరైడును లోపలికి తోడుతూ ఉంటాయి. దాని వెంట సోడియమూ, వాటి వెంట నీరూ వస్తాయి. ఇది దండుగ పని అనుకోకండి. ఆ నీటి ఒత్తిడి వల్లనే ఊపిరితిత్తులు సాగి పెరుగుతాయి. గర్భంలోని గొర్రెపిల్లలకు ఆ నీటిని బయటికి తీసివేస్తూ పోతే వాటి ఊపిరితిత్తులు ఎదగలేదు.

ఉప్పు వెంట నీరు పోవటం మీకు కొత్త కాదు. అమ్మ మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు ముక్కల మీద ఉప్పు చల్లి కాసేపు ఉంచుతుంది. నీరు పోయకుండానే గిన్నెలో నీరు ఊరుతుంది! ఉప్పు బయట ఉంది కనుక ముక్కలోని నీరు బయటికి వచ్చింది. ఉప్పు ఎటు ఉంటే నీరు అటు. కనుక ఊపిరితిత్తులు ఎండాలంటే నీటిని పిండనక్కరలేదు, ఉప్పును అవతలికి పంపితే చాలు.

ఆ పంపే ఆజ్ఞ ఎవరిది? 1978లో వాల్టర్స్, ఆల్వర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గర్భంలోని గొర్రెపిల్లల రక్తంలోకి అడ్రినలిన్ అనే హార్మోనును ఎక్కించి చూశారు. నీరు ఊరటం ఆగింది. అంతేకాదు, ఉన్న నీరు తిరిగి లోనికి ఇంకసాగింది! కుక్క వెంటపడితే మన గుండె దడదడలాడేది ఈ అడ్రినలిన్ వల్లనే. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న గ్రంథుల్లో అది పుడుతుంది. కాన్పు నొప్పులు వచ్చినప్పుడు తల్లికే కాదు, బిడ్డకూ గట్టి ఒత్తిడి కలుగుతుంది. అప్పుడు బిడ్డ గ్రంథులే అడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. ఆ ఆజ్ఞ అందగానే కణాల్లోని సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, ఉప్పు రక్తం వైపు పోతుంది, నీరు వెంట నడుస్తుంది. బిడ్డ తీసే మొదటి శ్వాసలు కూడా నీటిని అవతలికి నెట్టుతాయి.

అయితే నెలలు నిండని గొర్రెపిల్లల్లో అడ్రినలిన్ అంతగా పనిచేయలేదు. కార్టిసాల్, థైరాయిడ్ హార్మోనులు ముందుగా ఆ కణాలను సిద్ధం చేయాలి. అవి చివరి వారాల్లోనే పెరుగుతాయి. ద్వారాలే లేకపోతే ఏమవుతుందో కూడా చూశారు. 1996లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు సోడియం ద్వారంలో ఒక ముఖ్యభాగం లేని ఎలుకపిల్లలను పుట్టించారు. ఊపిరితిత్తుల నీరు ఇంకక అవి 40 గంటల లోపలే చనిపోయాయి.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ప్రతి 100 కాన్పుల్లో దాదాపు 61 సిజేరియన్లు, అంటే మనవాళ్లనే పెద్దాపరేషన్లు. ఆ సర్వేలో దేశంలోని మరే రాష్ట్రంలోనూ ఇన్ని కనిపించలేదు. ఆపరేషన్ ఎందరో తల్లులనూ బిడ్డలనూ బతికించింది. డాక్టరు అవసరమన్నప్పుడు వెనుకాడరాదు. కాని పంచాంగం చూసి, మంచి నక్షత్రమని, నొప్పులు రాకముందే ఫలానా గంటకు బిడ్డను తీయమని అడిగేవారు కూడా ఉన్నారు. ముహూర్తం తండ్రికి తెలుసు, తాతకు తెలుసు. లోపలి కణాలకు తెలియదు. వాటికి తెలిసిన కబురు అడ్రినలిన్ ఒక్కటే, అది ఇంకా రాలేదు.

డెన్మార్కులో 34 వేలకు పైగా కాన్పులను పరిశీలించి 2008లో లెక్కలు ప్రకటించారు. నొప్పులు రాకముందే 37వ వారంలో ఆపరేషన్ చేసి తీసిన బిడ్డల్లో 100కు 10 మందికి ఊపిరి ఇబ్బంది కలిగింది. 38వ వారంలో 5గురికి, 39వ వారంలో ఇద్దరికి. ఒక్కొక్క వారానికి సగానికి సగం తగ్గింది, చూశారా! అందుకే నొప్పులు రాకుండా ఆపరేషన్ చేయవలసి ఉండి, వేరే ప్రమాదమేమీ లేకపోతే, డాక్టర్లు 39 వారాలు నిండనిస్తారు.

ఇలా తడి ఊపిరితిత్తులతో పుట్టిన బిడ్డ నిమిషానికి 60 సార్లకు మించి ఎగశ్వాస తీస్తుంది. పాలు తాగలేదు. తల్లి పక్కన ఉండవలసినది ప్రాణవాయువు గొట్టంతో వేరే గదిలో ఉంటుంది. చాలామందికి రెండు మూడు రోజుల్లో ఆ నీరు దానంతటదే ఇంకిపోతుంది. కొందరికి మాత్రం ఎక్కువ రోజులు పడుతుంది.