ముఖము చూచి మూట విప్పవలదు

పత్తి, మిరప యమ్మిన రొక్కము చేతబడగానే సత్తెనపల్లి గృహస్థునకు ఫోను తెరపై పెట్టుబడి గురువులు ప్రత్యక్షమగుచున్నారు. కెమేరాను కంటిమట్టమునకు కొంచెము దిగువ నుంచిన పొట్టివాడును పొడగరిగా దోచును. వెనుక పుస్తకముల బీరువా, మీద కోటు, సూటియైన చూపు తోడైనచో పండితుడనియే తోచును. ఇది నేరము గాదు, ప్రమాణమును గాదు.

2024 ఏప్రిల్‌లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి, తన అధిపతి ఆశీష్‌కుమార్ చౌహాన్ ముఖమును, గొంతును అనుకరించిన కృత్రిమ వీడియోలు వాటాల సలహా లిచ్చుచున్నవని హెచ్చరింపవలసి వచ్చెను. ముఖమే యెరువు దొరకునపుడు ఠీవి కేమి విలువ? న్యాయస్థానమున సాక్షి వేషమును గాక, ప్రతిపరీక్షకు నిలిచిన మాటనే గణింతుము. పెట్టుబడి సలహాయే వృత్తిగా గొన్నవాడు 2013 నిబంధనల ననుసరించి సెబీలో నమోదు కావలెను. సోదరులారా! ముందుగా నమోదు సంఖ్య నడుగుడు. సెబీ జాబితాలో సరిచూడుడు. పిమ్మటనే మూట విప్పుడు.