రేడియేషన్ మైల

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడ్డాయి. చావు తప్పించుకున్నవాళ్లను జపాన్‌లో హిబాకుషా అంటారు. యుద్ధం ముగిశాక వాళ్లకు పెళ్లిళ్ల దగ్గర మరో శిక్ష ఎదురైంది. సంబంధం ఖాయం చేసుకునే ముందు కొన్ని కుటుంబాలు ప్రైవేటు డిటెక్టివులను పెట్టి మరీ పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీయించేవి. వధువుది హిరోషిమా అని తేలితే సంబంధం తప్పిపోయేది. పుట్టబోయే పిల్లలు అవకరాలతో పుడతారని భయం. ఎంతోమంది సొంతూరి పేరు దాచుకుని బతికారు.

ఈ భయానికి సైన్సులో మొదలు లేకపోలేదు. ఎక్స్-కిరణాలు సోకిన పండ్ల ఈగల్లో ఉత్పరివర్తనాలు పుట్టి తర్వాతి తరానికి అందుతాయని 1927లో శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ చూపాడు. వీర్యకణంలోనో అండంలోనో డీఎన్ఏ దెబ్బతింటే, ఆ మార్పు బిడ్డ ఒంట్లో ప్రతి కణానికీ చేరవచ్చు. ఎలుకల్లోనూ ఇది రుజువైంది.

మరి మనుషుల సంగతి? ఊహలతో సరిపెట్టుకోకుండా లెక్కపెట్టి చూశారు. అప్పట్లో జపాన్‌లో ఐదో నెల దాటిన గర్భిణులకు అదనపు రేషన్ ఇచ్చేవారు. ఆ నమోదుల ఆధారంగా శాస్త్రవేత్తలు జేమ్స్ నీల్, విలియం షల్‌ల బృందం 1948–54 మధ్య సుమారు 77 వేల మంది శిశువులను పరిశీలించింది. మంత్రసాని కబురు అందగానే డాక్టరు ఇంటికెళ్లి పసికందును చూసేవాడు. బాంబు బాధితుల పిల్లల్లో అవకరాలు పెరిగాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. చెర్నోబిల్ అణు రియాక్టర్ ప్రమాద బాధితులకు తర్వాత పుట్టిన 130 మంది సంతానం జన్యువులను పరీక్షించి 2021లో ప్రచురించిన అధ్యయనంలోనూ కొత్త ఉత్పరివర్తనాలు అదనంగా కనిపించలేదు.

అంతమాత్రాన రేడియేషన్ నిరపాయమని ఎవరైనా అంటే నమ్మకూడదు. బాంబు పడేనాటికి తల్లి కడుపులో ఉన్న కొందరు బిడ్డలు, ముఖ్యంగా 8–15 వారాల పిండాలు, చిన్న తలతో, బుద్ధిమాంద్యంతో పుట్టారు. బతికి బయటపడ్డవాళ్లలో లుకేమియా, ఇతర క్యాన్సర్లు పెరిగాయి. గనుల్లో, రియాక్టర్లలో పనిచేసేవాళ్ల రక్షణలో రవ్వంత కూడా తగ్గించడానికి వీల్లేదు.

గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని, బిడ్డ పెదవి చీలికకు తల్లినే దోషిని చేసే అలవాటు మనది. సైన్సు పదాలు తొడుక్కున్నా ఆ జపాన్ పెళ్లిపెద్దల భయమూ ఆ కోవలోదే. ఆధారం అడగదు, బాంబు వేసినవాణ్ని నిలదీయదు, కాలినవాళ్లనే వెలేస్తుంది. బిడ్డ ఆరోగ్యం మీద అనుమానముంటే డాక్టరును అడగండి, పరీక్ష చేయించండి. పుట్టిన ఊరు చూసి మనిషికి మైల అంటగట్టడం మాత్రం, ఏ దేశంలో చేసినా, మూఢనమ్మకమే.